చచ్చిన చిలుక దగ్గర నేర్చుకున్నవి

విశాఖపట్నంలో డాక్టరీ చదువు ముగించుకుని డెబ్బైల మొదట్లో ఇంగ్లండు వచ్చాను. ఇక్కడి ఆసుపత్రుల్లోనే పనిచేసి రిటైరయ్యాను. బ్రిటిష్ వాళ్ళ తలాతోకా లేని హాస్యమంటే నాకున్న పిచ్చి మా బంధువర్గంలో అందరికీ తెలుసు. మా మనవలూ, హైదరాబాదు నుంచి పై చదువులకొచ్చే కుర్రాళ్ళూ మా ఇంట్లో, ఆరుగురు కలిసి చేసిన టీవీ హాస్య కార్యక్రమం మాంటీ పైథాన్ చూస్తారు. కొందరు పడిపడి నవ్వుతారు, కొందరు మర్యాదకి కూర్చుంటారు. ఇద్దరికీ ఇన్నేళ్ళుగా చెబుతూ వచ్చిన మాటలే ఇవి. ఈ హాస్యాన్ని తయారుచేసినవాళ్ళూ, ప్రేమించినవాళ్ళూ కూడా దాన్ని ఆటగా తీసిపారెయ్యలేదు. ప్రాణం పెట్టి పట్టించుకున్నారు. యాభై ఏళ్ళు దాటినా అది నిలవడానికి కారణం ఆ శ్రద్ధేనని నా నమ్మకం.

1. ముందు మొహాలు చూడండి

కొత్తగా చూసేవాళ్ళు జోకు ఎక్కడుందా అని వెతుకుతారు. దాన్ని వదిలేసి నటుల మొహాలు చూడండి. 1969 డిసెంబరులో బీబీసీలో వచ్చిన చిలుక స్కెచ్చే తీసుకోండి. ఒకాయన కొన్న చిలుక చచ్చి ఉంది. పంజరంతో సహా కొట్టుకి తిరిగి తెచ్చాడు. అది చావలేదని కొట్టువాడి వాదన. కథ అంతకుమించి ఏమీ లేదు. జాన్ క్లీస్ మొహంలో డబ్బు పోగొట్టుకున్న మనిషి ఉక్రోషం నిజంగా కనిపిస్తుంది. మైకేల్ పేలిన్ కళ్ళు బేరగాడి కళ్ళు, ఏ సందులోంచి తప్పించుకుందామా అని చూస్తుంటాయి. ఇద్దరిలో ఒక్కరు పెదవి బిగబట్టలేక నవ్వినా మొత్తం కూలిపోయేది.

దాని పుట్టుక కూడా తెలుసుకోదగ్గది. పేలిన్‌కి తెలిసిన ఒక కార్ల మనిషి, బండిలో ఏ లోపం చూపించినా ఒప్పుకునేవాడు కాదట. దాని మీద 1968లో కారుతోనే ఒక స్కెచ్ చేశారు. తర్వాత క్లీస్, గ్రాహం చాప్‌మన్ కలిసి దాన్ని తిరగరాస్తుంటే కారు పోయి చిలుక వచ్చింది. అది చాప్‌మన్ ఆలోచన. రోజూ చూసే అబద్ధం అలాగే ఉంది, వస్తువొక్కటే మారింది. నిజం అంత బలంగా ఉండబట్టే పైన పిచ్చి ఎంత పెట్టినా మోసింది.

1970లో వచ్చిన పిచ్చి నడకల మంత్రిత్వ శాఖ స్కెచ్ సంగతీ ఇంతే. ఆరడుగుల అయిదంగుళాల క్లీస్ బౌలర్ టోపీ పెట్టుకుని, చేతిలో ఆఫీసు పెట్టెతో, కాళ్ళు గాల్లోకి విసురుకుంటూ డ్యూటీకి వెళ్తాడు. ఒక దరఖాస్తుదారు వచ్చి తన నడక చూపించి, దాన్ని అభివృద్ధి చేసుకోడానికి గ్రాంటు అడుగుతాడు. అధికారి ఆ నడకలో లోటుపాట్లను గంభీరంగా పరిశీలిస్తాడు. కలెక్టరేటు వరండాలో దరఖాస్తు పట్టుకుని నిలబడ్డ తెలుగువాడికి ఆ గది కొత్తగా అనిపించదు. మన జంధ్యాల కూడా ఈ గుట్టు తెలిసినవాడే. 'చంటబ్బాయ్'లో తన కవిత్వంతో ఎడిటర్ ప్రాణాలు తోడేసే శ్రీలక్ష్మి మొహం గుర్తు తెచ్చుకోండి. తాను మహాకవినన్న నమ్మకం ఆ మొహంలో క్షణం కూడా సడలదు.

2. దీని వేర్లు యుద్ధంలో ఉన్నాయి

మాంటీ పైథాన్‌తో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతే సగమే తెలుస్తుంది. దానికి ముందు రేడియోలో 'గూన్ షో' ఉంది, 1951 నుంచి 1960 దాకా. స్పైక్ మిల్లిగన్, పీటర్ సెల్లర్స్, హ్యారీ సీకోంబ్, మొదట్లో మైకేల్ బెంటిన్. ఎక్కువ భాగం రాసింది మిల్లిగన్. ఆయన పుట్టింది 1918లో మన అహ్మద్‌నగర్‌లో. తండ్రి సైనికుడు కావడంతో పూనాలో, రంగూన్‌లో పెరిగాడు.

ఆ నలుగురూ రెండో ప్రపంచ యుద్ధంలో యూనిఫాం వేసినవాళ్ళే. ఉత్తర ఆఫ్రికాలో ఒక ఫిరంగి కొండ మీది నుంచి దొర్లి, సీకోంబ్ కూర్చున్న లారీ పక్కనే పడింది. దాన్ని వెతుక్కుంటూ పైనుంచి దిగివచ్చిన మనిషి మిల్లిగన్. వాళ్ళ పరిచయం అలా జరిగింది. తర్వాత 1944 జనవరిలో ఇటలీలో, మోంటే కసీనో దగ్గర పోరులో, మోర్టార్ దెబ్బకి మిల్లిగన్ గాయపడ్డాడు. ఒంటికి తగిలిన గాయం మానింది, మనసుకి తగిలింది మానలేదు. గూన్ షో రాసే రోజుల్లోనే ఆసుపత్రి పాలయ్యాడు. జీవితాంతం కుంగుబాటుతో పోరాడాడు, ఆ విషయం ఎవరూ బయటికి చెప్పుకోని కాలంలోనే నోరు తెరిచి చెప్పాడు. ఆయన రాసిన పేలుళ్ళూ, అర్థంలేని ఆజ్ఞలిచ్చే అధికారులూ, చచ్చినవాళ్ళు మళ్ళీ లేచి రావడమూ ఎక్కడివో ఈ చరిత్ర తెలిస్తే గాని బోధపడదు.

నేను వచ్చిన కొత్తలో వార్డుల్లో ఆ యుద్ధం చూసిన పేషెంట్లు చాలామంది ఉండేవాళ్ళు. యుద్ధం గురించి అడిగితే వాళ్ళు భయం గురించి చెప్పేవారు కాదు. అడవిలో బూట్లు పోగొట్టుకున్న సార్జెంటు గురించీ, తప్పు ఊరికి చేరిన రొట్టెల లారీ గురించీ చెప్పేవారు. చెబుతూ చెబుతూ ఒక్కచోట ఆగిపోయేవారు. అక్కడ ఏముందో నేను అడిగేవాణ్ణి కాదు.

పైథాన్ ఆరుగురూ 1939 నుంచి 1943 మధ్య పుట్టినవాళ్ళు. వాళ్ళలో అయిదుగురు గూన్ షో వింటూ పెరిగిన పిల్లలు. ఇంగ్లండులో రేషన్ 1954 దాకా సాగింది. ఆ కరువు రోజుల్లో అమెరికా నుంచి డబ్బాల్లో వచ్చిన మాంసం పేరే స్పామ్. ఆ ఆరుగురిలో ఒకడైన ఎరిక్ ఐడిల్ తండ్రి వైమానిక దళంలో యుద్ధమంతా బతికి బయటపడి, 1945 క్రిస్మస్‌కి ఇంటికి వస్తూ రోడ్డు ప్రమాదంలో పోయాడు. అప్పటికి ఆ పిల్లవాడికి మూడేళ్ళు నిండలేదు. లోకం న్యాయంగా నడుస్తుందని ఆ తరానికి ఎవరు చెప్పినా నమ్మలేదు. నమ్మకపోవడంలోంచి ఏడుపూ రావచ్చు, నవ్వూ రావచ్చు. వాళ్ళు నవ్వును ఎంచుకున్నారు.

యుద్ధాలకి ముందు కూడా ఇంగ్లీషువాళ్ళకి ఈ గుణం ఉంది. లూయిస్ కారొల్, ఎడ్వర్డ్ లియర్ పేర్లు మీకు తెలిసే ఉంటాయి. లియర్ పేరు మోగించిన లిమరిక్కునే మన శ్రీశ్రీ తెలుగులోకి పట్టుకొచ్చి 'లిమఋక్కులు' రాశాడు. మహాప్రస్థానం రాసిన చెయ్యే ఆ ఆటా ఆడింది.

3. చివరి చమక్కు కోసం ఎదురుచూడకండి

అప్పటిదాకా స్కెచ్ అంటే చివర్లో ఒక పంచ్, చప్పట్లు, తెర. పైథాన్ వాళ్ళు ఆ చివరి పంచ్‌ను పీకేశారు. దృశ్యం బాగుండగానే ఒక సైనికాధికారి వచ్చి ఇది మరీ వెర్రిగా ఉందని ఆపేస్తాడు. లేదా పైనుంచి ఒక పెద్ద పాదం పడి నలిపేస్తుంది. ఈ దారిలో ముందడుగు వేసింది మళ్ళీ మిల్లిగనే. 1969 మార్చిలో ఆయన చేసిన 'క్యూ5' చూసి టెర్రీ జోన్స్, పేలిన్ ఉలిక్కిపడ్డారు, మనం చేద్దామనుకున్నది ఈయన ముందే చేసేశాడే అని. అందుకే ఆ కార్యక్రమం దర్శకుడు ఇయాన్ మెక్‌నాటన్‌నే తమకి తెచ్చుకున్నారు. తమకన్నా ముందున్నవాణ్ణి చూసి కుళ్ళుకోకుండా నేర్చుకోవడమంటే ఇదీ.

స్వేచ్ఛగా కనిపించే ఈ వ్యవహారం వెనక ఎంత కట్టుదిట్టం ఉందో చూడండి. క్లీస్, చాప్‌మన్ ఒక జంటగా రాసేవారు. పేలిన్, జోన్స్ ఇంకో జంట. ఐడిల్ ఒంటరిగా. అమెరికా నుంచి వచ్చిన టెర్రీ గిలియం పాత ఫొటోలు, బొమ్మలు కత్తిరించి యానిమేషన్ చేసేవాడు, ఒక స్కెచ్ నుంచి ఇంకోదానికి వంతెన ఆయనదే. అందరూ ఒకచోట కూర్చుని రాసినవి పైకి చదివేవారు. మిగిలినవాళ్ళు నవ్వితే ఉంటుంది, నవ్వకపోతే పోతుంది. ఎవరు రాశారన్న దానికి విలువ లేదు. చదివే దగ్గర గట్టిగా పోట్లాడుకునేవారు కూడా. ఏ రచయితల బృందమైనా ఆ ఒక్క పద్ధతి పాటిస్తే సగం చెత్త తగ్గుతుంది.

ఆ పెద్ద పాదం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. బ్రాంజీనో పదహారో శతాబ్దంలో వేసిన వీనస్, క్యూపిడ్ చిత్రంలో కింద ఎడమ మూలన క్యూపిడ్ పాదం అది. లండన్ చూడ్డానికి వచ్చే మా వాళ్ళందరినీ అక్కడికి తీసుకెళ్తాను. నాలాగే ఆ పాదం కోసమే వచ్చినవాళ్ళు ఆ బొమ్మ ముందు తరచూ కనబడతారు. ఒకరినొకరు చూసి తల ఊపుకుంటాం.

4. డాక్టర్లకి ఇది త్వరగా ఎక్కుతుంది

చాప్‌మన్ కేంబ్రిడ్జిలో చదివి, లండన్ సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రిలో శిక్షణ పొంది డాక్టరయ్యాడు. 1960లో ఎడిన్‌బరోలో 'బియాండ్ ది ఫ్రింజ్' అనే హాస్య ప్రదర్శన ఆడిన నలుగురిలో జొనాథన్ మిల్లర్ డాక్టరే. 'ది గుడీస్' అనే టీవీ హాస్య కార్యక్రమంలో గ్రేమ్ గార్డెన్ కూడా వైద్యం చదివి పాసైనవాడే. నాకిది కాకతాళీయంగా అనిపించదు. పొద్దున ఒక మంచం దగ్గర చావు, పక్క మంచం దగ్గర టీ చల్లగా ఉందన్న ఫిర్యాదు, రెండూ ఒకే గొంతుతో వినాల్సిన వృత్తి మాది. మనిషి శరీరానికి హోదా తెలియదని రోజూ చూస్తాం. రాత్రి డ్యూటీ మధ్యలో డాక్టర్ల మెస్‌లో టీవీ ముందు కూర్చుంటే, ఆ తెర మీది లోకం మాకు బయటి లోకంకన్నా దగ్గరగా ఉండేది. దేశం కొత్త, చలి కొత్త, యాస కొత్త. అయినా ఆ గదిలో ఐర్లండు కుర్రాడూ, శ్రీలంక అమ్మాయీ, నేనూ ఒకే క్షణంలో నవ్వాం. నాకు ఈ దేశంలో మొదటి స్నేహాలు దొరికింది అక్కడే.

5. అభిమానం అంటే కాపలా

ఇది అన్నిటికన్నా పెద్ద పాఠం, కాస్త ఓపికగా వినండి.

అరవైల్లో టీవీ కంపెనీలు టేపులు ఖరీదని పాత కార్యక్రమాలు చెరిపేసి వాటి మీదే కొత్తవి ఎక్కించేవి. పీటర్ కుక్, డడ్లీ మూర్ చేసిన 'నాట్ ఓన్లీ బట్ ఆల్సో' చాలా భాగం అలా పోయింది. క్లీస్, చాప్‌మన్ పైథాన్‌కి ముందు చేసిన 'ఎట్ లాస్ట్ ది 1948 షో'కీ ఆ గతే పట్టింది. ఆ కాలపు కార్యక్రమాలు కొన్నింటికి మిగిలింది ఎవరో ఇంట్లో టీవీ పక్కన టేపురికార్డరు పెట్టి పట్టుకున్న ధ్వని మాత్రమే. ఆ పని చేసినవాళ్ళకి ఎవరూ జీతం ఇవ్వలేదు. ఇష్టం కొద్దీ చేశారు.

పైథాన్ 45 భాగాలతో 1974 డిసెంబరులో ముగిసింది. అదే ఏడు అమెరికాలో డాలస్ నగరపు ప్రజా టీవీ కేంద్రం కేఈఆర్‌ఏ దాన్ని ప్రసారం చేసింది. ఇంగ్లీషువాళ్ళ టీ, వాతావరణం, రాజకీయ నాయకుల పేర్లు తెలియని జనం దానికి దాసోహమన్నారు. అక్కడి నుంచి దాని రెండో జన్మ మొదలైంది.

అభిమానుల్లో జార్జ్ హారిసన్‌ను మించినవాడు లేడు. పైథాన్ వాళ్ళ 'లైఫ్ ఆఫ్ బ్రయన్' సినిమాకి డబ్బు పెడతామన్న ఈఎంఐ సంస్థ షూటింగుకి ముందు వెనక్కి తగ్గింది. బీటిల్స్‌లో పాడిన హారిసన్ ముందుకొచ్చి, తన ఇల్లు తాకట్టు పెట్టి, హ్యాండ్‌మేడ్ ఫిలిమ్స్ అనే సంస్థ పెట్టి ఆ సినిమా తీయించాడు. ఎందుకయ్యా అంటే, ఆ సినిమా తనకి చూడాలని ఉందని. సినిమా టికెట్టుకి లోకంలో ఎవరూ అంత పెట్టి ఉండరని ఐడిల్ తర్వాత చెప్పుకునేవాడు. అంతకుముందు వాళ్ళ 'హోలీ గ్రెయిల్' సినిమాకీ అంతే. పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెప్లిన్ లాంటి సంగీత బృందాలవాళ్ళు డబ్బు పెట్టారు. గుర్రాలకి డబ్బు చాలక కొబ్బరి చిప్పలు కొడుతూ నడిచారు. ఆ పేదరికమే సినిమాలో అందరికీ గుర్తుండే నవ్వయింది. షూటింగు జరిగిన స్కాట్లండు డూన్ కోటకి ఇవాళ వెళ్తే, అడిగినవాళ్ళకి కొబ్బరి చిప్పలు ఇస్తారు. ఆడియో గైడులో వినిపించే గొంతు టెర్రీ జోన్స్‌ది. తెల్లజుట్టు పెద్దమనుషులు ఆ ప్రాంగణంలో చిప్పలు టకటకలాడిస్తూ గెంతడం చూశాను. వాళ్ళ మొహాల్లో సిగ్గు లేదు, ఎవరో చూస్తున్నారన్న స్పృహ లేదు. మన ఊళ్ళలో భజన బృందంలో కళ్ళు మూసుకుని తాళాలు వాయించే పెద్దల్లో చూశాను అలాంటి తన్మయత్వం.

మోర్నింగ్టన్ క్రెసెంట్ ఆట గురించి చెప్పకుండా ఉండలేను. 1972లో మొదలైన 'ఐయామ్ సారీ ఐ హావెంట్ ఎ క్లూ' అనే రేడియో కార్యక్రమంలో అది ఒక భాగం. ఆడేవాళ్ళు వరసగా లండన్ భూగర్భ రైలు స్టేషన్ల పేర్లు చెబుతారు. మోర్నింగ్టన్ క్రెసెంట్ అన్న పేరు ముందు చెప్పినవాడు గెలిచినట్టు. నియమాలేమిటో ఎవరూ చెప్పరు, ఎందుకంటే నియమాల్లేవు. కానీ ఆడేవాళ్ళు ప్రతి ఎత్తునూ చదరంగంలా తూకం వేస్తారు, ప్రేక్షకులు మంచి ఎత్తుకి నిట్టూర్చి మెచ్చుకుంటారు. నిజం మోర్నింగ్టన్ క్రెసెంట్ స్టేషను 1992లో మూతపడింది. మళ్ళీ 1998లో తెరిచినప్పుడు ఆ రేడియో బృందాన్నే పిలిచారు. లక్షల మంది కలిసి లేని నియమాలను ఇంత నిష్ఠగా పాటించడం నాకు ఎప్పుడు తల్చుకున్నా ముచ్చటేస్తుంది. అక్కడ గెలుపోటములకి విలువ లేదు, మోసపోయేవాడు లేడు. మనం ఒక జట్టు అన్న భరోసా ఒక్కటే ఉంది.

2001 మే 11న డగ్లస్ ఆడమ్స్ హఠాత్తుగా పోయాడు. 1978 మార్చిలో బీబీసీ రేడియోలో మొదలైన 'హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' ఆయనది. అంతరిక్షంలో తిరిగేవాడికి తువ్వాలును మించిన సాధనం లేదని అందులో రాశాడు. ఆయన పోయిన రెండు వారాలకి, మే 25న, అభిమానులు తువ్వాళ్ళు భుజాన వేసుకుని బయటికొచ్చారు. అప్పటి నుంచి ఏటా ఆ రోజు తువ్వాలు దినం. ఏ ప్రభుత్వమూ ప్రకటించలేదు, సెలవూ లేదు.

2014 జులైలో బతికున్న అయిదుగురు పైథాన్లు లండన్ ఓ2 అరీనాలో పది ప్రదర్శనలిచ్చారు. మొదటి ప్రదర్శన టికెట్లు 43.5 సెకన్లలో అయిపోయాయి. నాకు తర్వాతి దానికి దొరికింది. నా పక్కన ఒక తాతా, ఆయన కూతురూ, ఆమె కొడుకూ కూర్చున్నారు. వేదిక మీద నటుడు నోరు తెరవకముందే ముగ్గురి పెదాలూ కదులుతున్నాయి.

6. దెబ్బ ఎవరి మీద పడుతోందో చూడండి

1979లో 'లైఫ్ ఆఫ్ బ్రయన్' విడుదలైనప్పుడు పెద్ద గొడవయింది. నార్వే కొంతకాలం నిషేధించింది, ఐర్లండులో 1987 దాకా రానివ్వలేదు, బ్రిటన్‌లో కొన్ని పురపాలక సంఘాలు ఆడనివ్వలేదు. వేరే మతంలో పుట్టినవాణ్ణి కాబట్టి నేను జాగ్రత్తగా చూశాను. క్రీస్తు పక్క పశువుల కొట్టంలో పుట్టిన వేరే పిల్లవాడి కథ అది. క్రీస్తు కనిపించే చోట గౌరవంగానే కనిపిస్తాడు. కొండ మీది ప్రసంగం దూరానికి సరిగ్గా వినబడక వెనక నిలబడ్డవాళ్ళు తమకి తోచింది వినడంలో ఉంది హాస్యం. ఆలోచించకుండా ఎవరో ఒకరి వెనక పడే గుంపు మీద పడింది దెబ్బ. అలాంటి గుంపులు ప్రతి మతంలోనూ ఉన్నాయి, పార్టీల్లోనూ ఉన్నాయి.

అన్నీ ఇలా లేవు. మొహానికి గోధుమరంగు పూసుకుని మన యాసను వెక్కిరించడం ఆ రోజుల్లో మామూలు. సెల్లర్స్ చేశాడు, మిల్లిగన్ 1969లో 'కర్రీ అండ్ చిప్స్'లో చేశాడు. దాన్ని ఆరు భాగాలకే ఆపేశారు. పైథాన్‌లో ఆడవాళ్ళకి పాత్రలు తక్కువ, ఉన్నవీ నిలబడి అందంగా కనిపించడానికి. నటి క్యారల్ క్లీవ్‌లండ్ చేతిలో హాస్యం ఎంత ఉందో దొరికిన కాస్త చోటులోనే ఆమె చూపించింది. వీటిని మా పిల్లల ముందు నేను దాచను, సర్దిచెప్పను. మిల్లిగన్ అంటే ప్రాణం, కానీ అలాంటివి వస్తుంటే మా ఇంట్లో టీవీ కట్టేశాం. మా ఆవిడ ఇంకా ఖచ్చితమైన మనిషి, మళ్ళీ వాటి పేరెత్తనివ్వలేదు.

తర్వాత మన పిల్లలే లెక్క సరిచేశారు. 1996లో రేడియోలో, 1998లో టీవీలో వచ్చిన 'గుడ్‌నెస్ గ్రేషస్ మీ'లో మీరా స్యాల్, సంజీవ్ భాస్కర్, నీనా వాడియా, కుల్విందర్ ఘీర్ లోకాన్ని తలకిందులు చేశారు. బొంబాయి కుర్రాళ్ళు రాత్రిపూట ఇంగ్లీషు భోజనానికి వెళ్ళి, మెనూలో అన్నిటికన్నా చప్పటిదేదో చెప్పమని వెయిటరును సతాయించే స్కెచ్ ఒకటుంది. దశాబ్దాలుగా శనివారం రాత్రి కర్రీ హోటళ్ళలో మనవాళ్ళు భరించినదంతా అందులో ఉంది. తిప్పికొట్టడానికి వాడింది మాత్రం ఈ దేశపు హాస్యం నేర్పిన పద్ధతే.

7. చావింట నవ్వును తప్పు పట్టకండి

మన ఇళ్ళలో శవం లేవకముందు పళ్ళు కనబడితే పెద్దవాళ్ళు కసురుతారు. ఆ పెంపకం నుంచి వచ్చిన నాకు, ఇక్కడ తోటి డాక్టరొకాయన అంత్యక్రియలకు వెళ్ళినప్పుడు వాళ్ళ బంధువులు లేచి నిలబడి 'లైఫ్ ఆఫ్ బ్రయన్' చివరి పాట అందుకోవడం పెద్ద కుదుపు. శిలువల మీద కట్టేసినవాళ్ళు హుషారుగా ఈలలు వేస్తూ పాడే పాట, ఐడిల్ రాసింది. పోయిన డాక్టరు భార్య ఈల వేస్తోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నేనూ గొంతు కలిపాను. ఆమె నా వైపు చూసి తలూపింది.

తర్వాత తెలుసుకున్నాను, ఆమె ఒక్కతే కాదని. 1982 మే 4న ఫాక్‌లండ్స్ యుద్ధంలో హెచ్ఎంఎస్ షెఫీల్డ్ నౌకకు క్షిపణి తగిలింది. తగలబడుతున్న ఓడ మీద, కాపాడేవాళ్ళ కోసం ఎదురుచూస్తూ నావికులు ఆ పాటే పాడుకున్నారు. 2014లో ఇక్కడి పెద్ద అంత్యక్రియల సంస్థ ఒకటి లెక్క తీస్తే, జనం అంతిమయాత్రకి కోరుకునే పాటల్లో అదే మొదటిది. 2012 లండన్ ఒలింపిక్స్ ముగింపు సభలో ఐడిల్ దాన్ని పాడినప్పుడు చుట్టూ భాంగ్రా నాట్యకారులు కూడా ఉన్నారు. ఆ రాత్రి టీవీ ముందు మా ఇల్లంతా లేచి నిలబడింది.

చాప్‌మన్ 1989 అక్టోబరు 4న క్యాన్సరుతో పోయాడు, 48 ఏళ్ళకి. మర్నాటికి పైథాన్‌కి ఇరవై ఏళ్ళు నిండేవి. మిగతా అయిదుగురూ అంత్యక్రియలకి వెళ్తే పత్రికలవాళ్ళ తాకిడితో కుటుంబానికి ఇబ్బందని దూరంగా ఉండి, ఆ పెద్ద పాదం ఆకారంలో పూలచక్రం పంపారు. డిసెంబరులో ఆయన చదివిన బార్తొలొమ్యూ ఆసుపత్రి హాల్లోనే సంస్మరణ సభ. క్లీస్ చిలుక స్కెచ్ ధోరణిలోనే చావు వార్త చెప్పి, అలాంటి సభలో ఎవరూ పలకని బూతుమాట పలికాడు. వినయంగా, తియ్యగా మాట్లాడితే చాప్‌మన్ క్షమించేవాడు కాదని ఆయన భావం. స్నేహితుడి స్వభావాన్ని అతను లేనప్పుడు కూడా నిలబెట్టడం ఎంత కష్టమో, సంతాప సభల్లో మాట్లాడినవాళ్ళకి తెలుస్తుంది.

సీకోంబ్ మంచి గాయకుడు. తన అంత్యక్రియల్లో అతను పాడకూడదు, అందుకని తనకన్నా ముందు పోవాలని మిల్లిగన్ అంటుండేవాడు. సీకోంబ్ 2001లో ముందే పోయాడు. 2002లో మిల్లిగన్ సంస్మరణ సభలో సీకోంబ్ పాట రికార్డు పెట్టారు. ససెక్స్‌లోని వించెల్సీ చర్చి ఆవరణలో మిల్లిగన్ సమాధి ఉంది. తనకి ఒంట్లో బాగాలేదని ముందే చెప్పానన్న మాట రాతి మీద ఐరిష్ భాషలో చెక్కించారు. ఇంగ్లీషులో చెక్కడానికి చర్చివాళ్ళు ఒప్పుకోలేదు.

టెర్రీ జోన్స్ కథ నాకు అన్నిటికన్నా బరువు. మధ్యయుగాల చరిత్ర మీద పుస్తకాలు రాసిన పండితుడు, మాటల మనిషి. మెదడులో మాటలుండే చోటునే తినేసే రకం మతిమరుపు వ్యాధి ఆయనకి వచ్చింది. 2016లో కార్డిఫ్‌లో వేల్స్ బాఫ్టా పురస్కారం అందుకోడానికి కొడుకు చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కాడు. ఇచ్చింది పేలిన్, కాలేజీ రోజుల నుంచి కలిసి రాసిన మిత్రుడు. ఆ జబ్బు పేషెంట్లను ఎందరినో చూశాను. సభ ముందుకి తీసుకురావడానికి కుటుంబాలు ఎంత జంకుతాయో తెలుసు. వాళ్ళు ఆయన్ను దాచలేదు. 2020 జనవరిలో పోయాడు.

8. పేర్లలో మిగిలినవి వెతకండి

మా మేనకోడలి కూతురు అమీర్‌పేటలో పైథాన్ అనే కంప్యూటర్ భాష కోర్సు చేస్తూ ఒకసారి ఫోన్ చేసింది. పాఠాల్లో ఉదాహరణలకి స్పామ్ అనీ, ఎగ్స్ అనీ ఎందుకు పెడతారు తాతయ్యా అని అడిగింది. ఆ భాషను 1989 చివర్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టిన గిడో వాన్ రోసమ్ అప్పట్లో మాంటీ పైథాన్ స్క్రిప్టులు చదువుతున్నాడు. పేరు అక్కడిది. లోగోలో పాములు తర్వాత వచ్చాయి. 1970లో వచ్చిన స్పామ్ స్కెచ్‌లో ఒక హోటల్లో ఏ వంటకం అడిగినా స్పామ్ ఉంటుంది, వైకింగులు ఆ మాటనే కోరస్‌గా పాడి మిగతా మాటలను ముంచేస్తారు. తొలినాటి కంప్యూటర్ అభిమానులు సంభాషణలను అలాగే ముంచెత్తే చెత్తకి ఆ పేరు పెట్టారు. ఆ రాత్రి ఆ పిల్ల స్కెచ్ చూసి, వాళ్ళ బ్యాచ్ అందరికీ చూపించింది.

ఆరుగురు పైథాన్ల పేర్లతో ఆకాశంలో వరస నంబర్ల గ్రహశకలాలు తిరుగుతున్నాయి, 9617 నుంచి 9622 దాకా. మడగాస్కర్ అడవుల్లో ఒక లీమరుకి క్లీస్ పేరు పెట్టారు, లీమర్ల కోసం ఆయన చేసిన పనికి గుర్తుగా. ఆడమ్స్ కథలోని కంప్యూటరు పేరు డీప్ థాట్. చదరంగం ఆడే కంప్యూటరు ఒకదానికి ఆ పేరే పెట్టుకున్నారు, దాని వారసుడే కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ. ఇవన్నీ చేసింది ప్రయోగశాలల్లో, అబ్జర్వేటరీల్లో కూర్చునే మనుషులు. పదిహేనేళ్ళప్పుడు నవ్వించినవాళ్ళ రుణం యాభై ఏళ్ళప్పుడు తమ వృత్తిలో తీర్చుకున్నారు.

9. ఎక్కడ మొదలుపెట్టాలంటే

'హోలీ గ్రెయిల్'తో మొదలుపెట్టండి. కథ ఉంది, కోటలున్నాయి, మన జానపద సినిమాలు చూసినవాళ్ళకి దారి సులువు. తర్వాత క్లీస్, కోనీ బూత్ కలిసి రాసిన 'ఫాల్టీ టవర్స్' చూడండి. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండే భాగాలు. గడియారం బిగించినట్టు బిగించిన రచన. ఆ తర్వాత పైథాన్ల టీవీ కార్యక్రమం 'ఫ్లయింగ్ సర్కస్' రోజుకొక భాగం, అంతకుమించి వద్దు. ప్రతి భాగంలోనూ కొన్ని పేలవు, వాటిని భరించండి. 'హిచ్‌హైకర్స్'ను పుస్తకంగా కాక ముందు రేడియో రూపంలోనే వినండి, దీపాలార్పి. గూన్ షో చివర్లో పెట్టుకోండి. పాత రేడియో ధ్వనికి చెవి అలవాటు పడాలంటే రెండు మూడు భాగాలు పడుతుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోడానికి మొహమాటపడకండి. మొదటి రాత్రి మాత్రం ఒక్కరూ కూర్చుని ఫోన్లో చూడొద్దు. ఇద్దరు ముగ్గురిని పిలవండి, అందులో ఒకరు మీకన్నా బాగా చిన్నవాళ్ళయి ఉండాలి.